మేదప్ప బావ చూపు

మా మేదప్ప బావ ఎవరితోనైనా మాట్లాడుతుంటే పక్కన నిలబడి చూడటం నాకు భలే సరదాగా ఉండేది. అవతలి మనిషి కాసేపు విని, మెల్లగా తన భుజం మీంచి వెనక్కి చూసుకునేవాడు. వెనక ఎవరూ ఉండేవారు కాదు. ఏ పనసచెట్టో, కట్టేసిన గేదో ఉండేది. మళ్ళీ ఇటు తిరిగి, ‘నాతోనేనా?’ అన్నట్టు మొహం పెట్టేవాడు. బావ కుడికన్ను ఆ మనిషి వైపే ఉండేది. ఎడమకన్ను మాత్రం తన దారిన తాను కొండవైపు చూస్తుండేది. పుట్టుకతో వచ్చిన మెల్లకన్ను అది.

మా కొడగులో మగపిల్లాడు పుడితే గాలిలోకి తుపాకి పేలుస్తారు. బావ పుట్టినప్పుడూ పేల్చారట. ఆయన అన్నదమ్ములందరినీ తీసుకున్న పటాలం, ఈయన కన్ను చూసి మాత్రం గుమ్మంలోంచే పంపేసింది. మా దగ్గర పటాలానికి పనికిరాని మగాడంటే పెళ్ళిళ్ళలో వెనక వరసలో కూర్చోవాల్సినవాడే. బావని ముందు వరసలో కూర్చోబెట్టింది వేట ఒక్కటే. కానీ ఆ ఒక్కదాంట్లో ఆయన్ని మించినవాడు లేడు. బావ కదా అని చెప్పడం లేదు. ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా అదే చెప్తారు.

నా సంగతి వేరు. అక్క పెళ్ళయిన ఏడాదికి, యాలకుల తోటలో సాయానికని ఆమె అత్తవారి ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాను. తుపాకి భుజాన వేసుకుని తిరగడమే కానీ నేను గురిచూసి కొట్టిన జంతువు ఈ భూమ్మీద లేదు. అయినా మా ఇంట్లో పందిమాంసం కూరకి లోటు లేదు. ఎందుకంటే ఇక్కడి వేటకో కట్టుబాటు ఉంది. కొట్టినవాడికి తల, ఓ తొడ. పడ్డ జంతువు తోకని అందరికంటే ముందు ముట్టుకున్నవాడికి ఓ వాటా. కొట్టడం రాదు కాబట్టి పరిగెత్తడం నేర్చుకున్నాను. ఎప్పుడూ బావ పక్కనే మాటు వేసేవాణ్ణి. ఆయన తుపాకి పేలిందంటే తోక నాదే. ‘ఉత్తయ్య తోక మీద బతికేస్తున్నాడు’ అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ, కూర ఉడికేది మా పొయ్యి మీదే కదా.

మా ఊరి వేటకి పెద్ద మొణ్ణప్ప మావ. కుక్కలని ఎటు వదలాలో, ఎవరు ఏ మాటులో కూర్చోవాలో అంతా ఆయనే చెప్పేవాడు. కుర్రాళ్ళకి ఆయన మొదటి పాఠం ఒకటే.

“జంతువుని సూటిగా చూడకండ్రా. మీ చూపు తగిలిందంటే దాని వెన్ను మీద చీమ పాకినట్టుంటుంది. తలెత్తుతుంది. తలెత్తిందా, మీ కూర కొండెక్కినట్టే.”

మరి మా బావకి ఆ బాధే లేదని మొణ్ణప్ప మావ లెక్క. ఆయన కళ్ళలో ఏది చూస్తోందో మనుషులకే తెలియదు, పందికేం తెలుస్తుంది? “అది మన మూలపురుషుడు పంపిన కన్ను” అనేవాడు. అందుకే రెండు కొండల మధ్య ఇరుకు సందులో, తరిమిన జంతువు తప్పకుండా వచ్చే పెద్దమాటుని ఎప్పుడూ బావకే ఇచ్చేవాడు.

ఈ మాట చెవిన పడితే సుబేదార్ కాళప్ప ఊరుకునేవాడు కాదు. పటాలం నుంచి వచ్చేసి చాలా కాలమైనా మీసం మాత్రం ఇంకా కవాతు చేస్తూనే ఉండేది. మొణ్ణప్ప మావ ఇంటి అరుగు మీద రమ్ము గ్లాసులు పట్టుకుని ఇద్దరూ దీని గురించే పోట్లాడుకునేవాళ్ళు.

“చూపూ లేదు, గీపూ లేదు. అంతా గాలి! పందికి కళ్ళెక్కడ కనిపిస్తాయయ్యా? అది ముక్కుతో బతుకుతుంది. మేదప్ప గాలికి ఎదురుగా కూర్చుంటాడు, కదలడు. అంతే” అనేవాడు కాళప్ప.

“నీకేం తెలుసు, నువ్వు మనుషుల్ని కాల్చినవాడివి.”

“అదే చెప్తున్నా. బర్మా అడవుల్లో ఓ జపానువాడు చెట్టుచాటు నుంచి నన్ను ఎంతసేపు చూశాడో ఏమో. నా వెన్ను మీద చీమా పాకలేదు, దోమా పాకలేదు. గుండు తగిలాకే తెలిసింది!”

“నీకు తెలియదులే సుబేదారూ. జంతువుకున్న బుద్ధి నీకెక్కడిది?”

వాళ్ళ గొడవ ఎలా ఉన్నా, కుర్రకారు మాత్రం మొణ్ణప్ప మావ మాటే పట్టుకుంది. కాఫీగింజని దారానికి కట్టి, నొసటి మీంచి ముక్కు దగ్గరికి వేలాడదీసుకుని మెల్లకన్నుతో చూడటం సాధన చేసేవాళ్ళు. నేనూ చేశాను, దాచడమెందుకు? అలా చూస్తూనే పొలం గట్టు మీద నడిచి, దమ్ము చేసిన మడిలో బోర్లా పడ్డాను. నెత్తి నుంచి కాళ్ళ దాకా బురదతో ఇంటికి వచ్చేసరికి మా చోందవ్వక్క వాకిట్లోనే ఉంది. “ఎవరైనా రండర్రా! పంది దానంతట అదే వచ్చింది, తోక ముట్టుకుని వాటా తీసుకుపోండి!” అని ఊరంతా వినపడేలా కేకేసింది.

అంతమంది అబ్బురపడే ఆ కన్ను, ఇంట్లో ఒక్కరి దగ్గర మాత్రం చెల్లేది కాదు. బావ కూతురు దేచక్కకి అప్పుడు నాలుగేళ్ళు. తండ్రి పిలిస్తే ముందు వెనక్కి తిరిగి చూసేది. వెనక ఎవరూ లేరని నిశ్చయించుకున్నాకే ఇటు వచ్చేది. ఇంకా చిన్నప్పుడైతే ఆయన ఒళ్ళో కూర్చుని, గడ్డం పట్టుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పేది, ఎటు తిప్పితే తన మీద చూపు పడుతుందో అని. ఎటు తిప్పినా ఒక కన్ను తప్పిపోయేది. కొన్నాళ్ళకి ఆ ప్రయత్నమే మానేసింది.

నాట్లకి ముందు ఓరోజు అక్క దానికి ఎర్ర గౌను తొడిగి, రెండు జడలు వేసి వాకిట్లోకి వదిలింది. పిల్ల దూడ పక్కన నిలబడింది. బావ తోటలోంచి వస్తూ చూసి ఆగిపోయాడు.

“అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నావే!” అన్నాడు.

దేచక్క పక్కకి తిరిగి దూడని చూసింది. దాని మెడ నిమిరింది. “విన్నావా? అప్ప నిన్ను ముద్దుగా ఉన్నావన్నాడు” అని దూడకి చెప్పింది.

అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు. కానీ భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన ముందున్న కడంబుట్టులు, అవే మన ఉండ్రాళ్ళలాంటి నూకల ముద్దలు, అలాగే చల్లారిపోయాయి. చేతులు కడుక్కుని లేస్తూ, “మైసూరు పెద్దాసుపత్రిలో ఈ కన్ను సరిచేస్తారట. పోయొస్తా” అన్నాడు.

ఆ మాట ఎలా పొక్కిందో కానీ, మర్నాడు పొద్దున్నే ఊరు ఊరంతా మా వాకిట్లో ఉంది. ముందు మొణ్ణప్ప మావ, వెనక మిగతావాళ్ళు. చావు కబురుకి వచ్చినట్టు మొహాలు పెట్టారు.

“మేదప్పా, తొందరపడకురా. అది నీ ఒక్కడి కన్ను కాదు. ఊరి కన్ను” అన్నాడు మొణ్ణప్ప మావ.

“ఊరి కన్నయితే ఊరే మొయ్యచ్చు కదా మావా?” అంది అక్క లోపల్నుంచి. “పెళ్ళిళ్ళలో తలా ఒకరోజు తగిలించుకుని తిరగండి.”

“నువ్వుండమ్మా చోందవ్వా. ఇది వేట సంగతి.”

“కాదు, నా కూతురి సంగతి. మీ కూరలో ముక్కల కోసం నా బిడ్డ తండ్రి చూపుకి నోచుకోకూడదా?”

కాళప్ప మీసం దువ్వుతూ ముందుకొచ్చాడు. “చేయించుకోనీ. నాకూ కావలసింది అదే. కన్ను మారినా గాలి మారదు. అప్పుడు తేలిపోతుంది మొణ్ణప్ప కబుర్ల సంగతి.”

మొణ్ణప్ప మావకి రోషం వచ్చింది. “సరే, తేలనీ! మేదప్పా, పెద్దమాటు నీకు ఆ కన్నుని చూసే ఇచ్చాను. కన్ను మార్చుకుని వస్తే, కైల్‌పొళ్దు పండగ తర్వాతి మొదటి వేటలో ఒక్కసారి కూర్చోనిస్తా. జంతువు తప్పించుకుపోయిందా, ఆ మాటు ఇంకొకరిది. తర్వాత నన్నేమీ అనకూడదు.”

బావ తల వంచుకునే ఉన్నాడు. “అలాగే మావా. పోతే పోనీ” అన్నాడు.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా అన్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ మాటు పోతే ఆయన మళ్ళీ వెనక వరసలోకి వెళ్ళాలి. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నాకు ఆ మనిషి మీద గౌరవం పుట్టింది ఆ క్షణంలోనే. అంతకుముందు ఉన్నది ఆయన గురి మీద మోజు, అంతే.

నాట్లు కాగానే మైసూరు వెళ్ళాడు. వానలు జోరు మీదున్నప్పుడు కంటికి కట్టుతో తిరిగొచ్చాడు. కట్టు విప్పాక కన్ను మందారంలా ఎర్రగా ఉంది, కానీ తిన్నగా ఉంది. రెండు కళ్ళూ ఒక్క మనిషివే అనిపించాయి. కొన్నాళ్ళు మాత్రం ఆయనకి అన్నీ రెండేసి కనిపించేవట. “ఇద్దరు చోందవ్వలు కనిపిస్తున్నార్రా. ఒక్కదాంతోనే వేగలేక చస్తుంటే” అని నా చెవిలో అన్నాడు. డాక్టరు చెప్పినట్టే అది తగ్గిపోయింది.

తగ్గనిది ఇంకొకటుంది. బావ ఇప్పుడు కూడా ఎవరినీ చూడడు. మాట్లాడితే అవతలివాడి కాళ్ళ దగ్గర నేలని చూస్తాడు. దేచక్కతో అయినా అంతే. మనం ఇన్నాళ్ళూ ఆ మెల్లకంటి గొడవలో పడి అసలు సంగతి గమనించలేదు కానీ, ఆయన ఎప్పుడూ అంతే. పిల్ల ఓరోజు నా దగ్గరికి వచ్చి అడిగింది.

“మావా, అప్ప కన్ను బాగయింది కదా?”

“అయిందమ్మా.”

“మరి కింద ఏం వెతుక్కుంటున్నాడు?”

దాన్ని ఎత్తుకుని దూడ దగ్గరికి తీసుకుపోయాను.

మా ఆయుధాల పండగ కైల్‌పొళ్దు వచ్చింది. తుపాకులన్నీ పూజగదిలో వరసగా పెట్టి, గొట్టాల్లో అగ్నిశిఖ పువ్వులు గుచ్చారు. పూజయ్యాక ఎవరి తుపాకి వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకున్నారు. మర్నాడు పొద్దున్నే వేటకి బయల్దేరాం. వరి మళ్ళని కుళ్ళగిస్తున్న ఓ ముసలి ఒంటరి పంది పెద్దమాటు కింది లోయలో పడుకుందని జాడ దొరికింది. మొణ్ణప్ప మావ కుక్కలని కింద నుంచి వదిలాడు. కాళప్ప మాకు కొంచెం పైన, రెండో మాటులో కూర్చున్నాడు. పెద్దమాటులో బావ, ఆయన పక్కన నేను.

బావ, అక్క వడ్డిస్తుంటే కూర్చున్నంత నిమ్మళంగా కూర్చున్నాడు. తుపాకి మోకాలి మీద ఆనించి, గొట్టాన్ని సందు మధ్యకి తిప్పి పెట్టుకున్నాడు. ఆ తర్వాత కదల్లేదు.

కింద కుక్కలు అరిచాయి. అరుపు దగ్గరైంది. ఆకులు గలగలమన్నాయి. పంది వచ్చింది! కాఫీబస్తా అంత ఉంది, వీపంతా నిక్కబొడుచుకున్న వెంట్రుకలు. నేను దాన్నే చూస్తున్నాను, ఎలా చూడకుండా ఉంటాను? దాని చిన్న కళ్ళు, కోరలకి అంటిన మట్టి, అన్నీ కనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి అది ఆగింది. తలెత్తింది. మా పొద వైపే తిరిగింది. అయిపోయింది, నా చూపు తగిలిపోయింది, బావ మాటు నా వల్లే పోయింది అనుకున్నాను.

బావ పెదవులు కదలకుండా అన్నాడు. “దాన్ని చూడకు. నన్ను చూడు.”

చూశాను. వేటలో ఇన్నేళ్ళుగా ఆయన పక్కన కూర్చున్నా, పంది వచ్చినప్పుడు ఆయన మొహం చూడటం అదే మొదటిసారి. నేను ఎప్పుడూ తోక మీదే దృష్టి పెట్టినవాణ్ణి. బావ పందిని చూడటం లేదు. నిజంగానే చూడటం లేదు! రెండు కళ్ళూ మా ముందున్న ఓ పచ్చటి ఆకు మీద, తుపాకి గొట్టానికి కాస్త అవతల ఆగి ఉన్నాయి. రెప్ప వాల్చడం లేదు. మొహంలో ఆశ లేదు, ఆత్రం లేదు. చెవులు మాత్రం పని చేస్తున్నాయని తెలుస్తోంది. మా అవ్వ దేవుడి ముందు దీపం వెలిగించి కూర్చునేటప్పుడు అలాగే ఉండేది.

పంది బుస్సుమని మళ్ళీ కదిలింది. అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. ఆ ఆకుకి సరిగ్గా వెనకాల నల్లటి భుజం ఒకటి వచ్చి పడింది. తుపాకి పేలింది. ఒకే దెబ్బ.

నేను అక్కడే కూర్చుండిపోయాను. బావ మొహం నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. అప్పటికే కుక్కలు పందిని చుట్టుముట్టాయి. పై మాటు నుంచి ఎవరో దబదబా దిగుతున్నారు. ఒక కేక వినిపించింది.

“తోక నాది! ఉత్తయ్యా, తోక నాదోయ్!”

సుబేదార్ కాళప్ప! ఆ వయసులో, ఆ మోకాళ్ళతో పరిగెత్తి వచ్చి, తోక పట్టుకుని కవాతులోలాగా నిలబడ్డాడు. అది నేను పోగొట్టుకున్న మొదటి తోక. వింతేమిటంటే, నాకు బాధే అనిపించలేదు.

అందరూ చేరారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. మొణ్ణప్ప మావ ఎగిరి గంతేసినంత పని చేశాడు. “చూశారా! వీడు సూటిగా చూడలేదు. ఉత్తయ్యగాడు చూస్తే తలెత్తింది. నేను చెప్పిందేమిటి?”

“ఉత్తయ్య ఏ కొమ్మో కదిపి ఉంటాడు. గాలి మేదప్ప వైపు వీస్తోంది, నా మీసం చూడు ఎటు ఎగురుతోందో” అన్నాడు కాళప్ప, తోక వదలకుండానే.

“మేదప్పా, నువ్వు చెప్పరా. పందిని చూడకుండా ఎలా కొట్టావు?”

బావ తుపాకిలోంచి ఖాళీ తూటా తీస్తూ నేలకేసి చెప్పాడు. “నా అలవాటే అంత మావా. చిన్నప్పుడు నేను ఎవరిని చూసినా వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు. లేకపోతే నవ్వేవాళ్ళు. అందుకని చూడటం మానేశా. ఎవరైనా ఎటు నుంచి వస్తారో, ఎక్కడ నిలబడతారో ముందే కనిపెట్టి, ఆ చోటునే చూసేవాణ్ణి. వాళ్ళే వచ్చి నా చూపులో నిలబడేవాళ్ళు. పంది కూడా అంతే.”

ఆ నవ్వినవాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు. మొణ్ణప్ప మావ మెడలోని తువ్వాలు తీసి, బావ చేతికంటిన మసి తానే తుడిచాడు. “పెద్దమాటు నీదేరా. నువ్వున్నన్నాళ్ళూ నీదే” అన్నాడు. నా కళ్ళు చెమ్మగిల్లాయి.

వాటాలు వేసుకుని ఇంటిదారి పట్టాం. తల బావ భుజం మీద, తొడ నా భుజం మీద. అందరూ ముందు వెళ్ళిపోయారు. నాకు కోపం ఆగలేదు.

“బావా, ఒక మాటంటా, ఏమీ అనుకోకు. పందిని చూడకపోతే పోయె. పిల్లని చూడవేం? దాని కోసమే కదా కత్తికి కన్నిచ్చి వచ్చావు?”

బావ పందితలని రెండో భుజానికి మార్చుకున్నాడు.

“భయంరా ఉత్తయ్యా. ఇప్పుడు కన్ను తిన్నగా ఉంది. అయినా పిల్ల వెనక్కి తిరిగి చూసిందనుకో, ఇంక నేనేం చెయ్యాలి?”

ఇంత పందిని చలించకుండా కొట్టిన మనిషి! ఆయన మోస్తున్న తల కూడా నేనే తీసుకున్నాను.

ఇంటికి చేరేసరికి వాకిట్లో ఎండ కాస్తోంది. దేచక్క మాకు వీపు పెట్టి కూర్చుని దూడకి గడ్డి తినిపిస్తోంది. అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని చూసింది. బావ గేటు దగ్గరే ఆగిపోయాడు. చెప్పులు విప్పలేదు, పిల్లని పిలవలేదు. తల మాత్రం ఎత్తాడు. నేలని వదిలి, ఆ రెండు జడల మీద, ఆ చిన్న వీపు మీద చూపు నిలిపాడు.

దేచక్క చేతిలో గడ్డి ఆగింది. చీమ పాకినట్టు తన మెడ నిమురుకుని, గిరుక్కున ఇటు తిరిగింది. తండ్రి కళ్ళలోకి చూసింది. బావ రెప్పలు వాలబోయి ఆగాయి. వెనక్కి చూడకు తల్లీ, వెనక్కి చూడకు అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను. పక్కనే దూడ ఉంది. పిల్ల దాని వంకైనా చూడలేదు.

“ఏంటప్పా?”

“ఏం లేదమ్మా. నిన్నే చూస్తున్నా.”

“తెలుసు” అంది దేచక్క. మళ్ళీ అటు తిరిగి దూడకి గడ్డి పెట్టింది.